ఓదెమ్మ ఫీజు

జనగామ
ఆగస్టు 18

అత్తమ్మకు,

సుష్మిత నమస్కారాలు. ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వకు. మా ఇంట్లో ఫోన్ మోగితే నాన్న స్పీకర్ పెడతాడని నీకు తెలుసు కదా. రాజకీయాల్లో తిరిగి తిరిగి ఆయనకు ఆ అలవాటు అబ్బింది. నేను నీతో మాట్లాడితే అమ్మ, నాన్న, నాన్న కోసం తరిగొప్పుల నుంచి వచ్చి కూర్చున్న నలుగురు కలిసి వింటారు, మధ్యలో సలహాలు కూడా ఇస్తారు. నా సొంత ఫోనేమో పరీక్షల ఏడాదిలో అమ్మ బీరువాలో పెట్టింది, ఇంకా బయటకు రాలేదు. అందుకే ఈ దారి కనిపెట్టాను. నా స్నేహితురాలు ప్రసన్న వాళ్ళ నాన్న దత్తాత్రేయ అంకుల్‌కు మందుల ఏజెన్సీ ఉంది. ఆయన వ్యాను మంగళవారం, శుక్రవారం మీ గూడూరు మెడికల్ షాపుకు వస్తుంది. నా ఉత్తరం మందుల అట్టపెట్టెలో ఉంటుంది. నువ్వు రాసింది కూడా ఆ డ్రైవరుకే ఇవ్వు.

ఇక అసలు సంగతి. నా ర్యాంకుకు భూపాలపల్లిలో ఎంబీబీఎస్ సీటు వచ్చేట్టుంది. కౌన్సెలింగ్ అంతా తెమిలి కాలేజీలో చేరేసరికి దసరా దాటుతుందట. ఇంట్లో అందరూ సంబరపడుతున్నారు. నాకు మాత్రం చేరాలో వద్దో తేలడం లేదు.

దత్తాత్రేయ అంకుల్ షాపుకు పోయినప్పుడల్లా నన్ను కూర్చోబెట్టి ఒకటే పాట. "బిడ్డా, ఇగ డాక్టర్ల దినాలు అయిపోయినయ్. సర్కారు నౌకరి జేస్తె సొంత ప్రాక్టీసు బందేనంట. అడవిల ఇన్నేండ్లు చెయ్యాలె అంటున్నరు. ఫీజులకు గూడ హద్దు పెడ్తరంట. తెలివున్నోడు ఎవడన్న గిప్పుడు డాక్టరైతడా?" వాళ్ళబ్బాయి రవితేజకు నాకన్నా మంచి ర్యాంకు వచ్చింది. వాడు డాక్టరు సీటు వద్దనుకుని హైదరాబాదులో కంప్యూటర్లకు పోయాడు. ఆయన చెప్పేదాంట్లో ఎంత నిజమో, ఎంత పుకారో నాకు తెలియదు. వాడికి అక్కరలేని సీటు నాకెందుకు అని మాత్రం మనసులో పడింది.

మా నాన్న సంగతి ఇంకా విచిత్రం. డాక్టర్లు సొంత దవాఖానలు పెట్టొద్దని ఒకప్పుడు ధర్నాలు చేసిన జగపతి గారు ఇప్పుడు బస్టాండు దగ్గర నా పేరు మీద మూడంతస్తులు కట్టించాడు. పైన స్కానింగ్ గది, కింద మందుల షాపు. 'డాక్టర్ సుష్మిత' అని బోర్డు కూడా రాయించాడు, డిగ్రీల చోటు ఖాళీగా ఉంచి. ఆ షాపు కోసం దత్తాత్రేయ అంకుల్ అప్పుడే అడ్వాన్సుగా బయానా ఇచ్చేశాడు. నేనింకా చేరనే లేదు కదా నాన్నా అంటే, "బయాన వట్టినంక మాట దప్పుడు మన ఇంట్ల లేదు" అన్నాడు. డాక్టర్ల రోజులు పోయాయంటున్న అంకులే నా దవాఖాన కింద షాపు ఎందుకు తీసుకున్నాడో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

నువ్వు హైదరాబాదులో పెద్ద దవాఖాన వదిలి ఆ అడవి అంచుకు పోయినదానివి. నీకు తెలిసినంత ఇక్కడెవరికీ తెలియదు. చేరాలా, వద్దా? ఒక్క మాటలో చెప్పు.

నీ కోడలు
సుష్మిత

గూడూరు
ఆగస్టు 21

సుష్మీ,

ఒక్క మాటలో అడిగావు. చేరు.

మిగతాదంతా నా తృప్తి కోసం రాస్తున్నాను. వ్యాను షాపు దగ్గర ఐదు నిమిషాలే ఆగుతుంది. మా అటెండరు బాల్‌సింగ్ నీ ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టేసరికి అది వెళ్ళిపోయింది. కాబట్టి నా జవాబులు ఎప్పుడూ ఒక వ్యాను వెనకే వస్తాయి. జర ఓపిక పట్టు.

దత్తాత్రేయ గారు చెప్పినవన్నీ జరుగుతాయో లేదో నాకూ తెలియదు. సొంత ప్రాక్టీసు చేయనని మాత్రం రెండేళ్ళ కింద ఈ ఉద్యోగంలో చేరేటప్పుడు నేను సంతకం పెట్టాను. ఇష్టంగానే పెట్టాను. మీ తాతకు ఛాతీ నొప్పి వచ్చిన రోజు నాకు పదిహేనేళ్ళు. పొద్దున పదకొండింటికి ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోతే అక్కడ డాక్టరు లేడు. ఆయన సొంత దవాఖాన రెండు వీధుల అవతల ఉండేది. మీ నాన్న పరుగెత్తిపోయి పిలిస్తే "లైన్ల ఉండు" అన్నారట. అన్న తిరిగొచ్చేసరికి బాపు లేడు. అన్న ధర్నాలకు దిగింది ఆ తర్వాతే. నేను డాక్టరు చదవాలనుకున్నది కూడా ఆ తర్వాతే. ఇప్పుడు అదే అన్న స్కానింగ్ గది కట్టించాడంటే నాకు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది.

ఇక్కడి సంగతి చెప్తాను, నీ భయం తగ్గుతుంది. పొద్దంతా పత్తి చేలలో, మిర్చి తోటల్లో కూలికి పోయే ఆడవాళ్ళు దవాఖాన టైముకు రాలేరు. పొద్దుగూకే వేళ నా క్వార్టర్ అరుగు మీదికి వస్తారు. చూసి పంపుతాను. ఫీజు లేదంటే వినరు. ఓదెమ్మ అని ఒక ముసలమ్మ ఉంది, బీపీ మనిషి. మొదటిసారి గోలీలిచ్చి పంపితే వారానికి వచ్చింది, బీపీ ఉన్నచోటనే ఉంది. గోలీలు వేసుకోనే లేదు. ఏమైందంటే, "ఉత్తగ దీస్కున్న మందు ఒంటికి వట్టది డాక్టరమ్మా" అంది. మర్నాడు కొంగున కట్టుకొచ్చిన నాలుగు గుడ్లు నా దోసిట్లో పెట్టి, నా కళ్ళ ముందే గోలీ మింగింది. ఆ నెలలో బీపీ దిగింది.

ఆమెను చూసి అందరూ మొదలుపెట్టారు. వద్దంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఆ గుడ్లను బాల్‌సింగ్ ఉడకబెట్టి కాన్పు వార్డులో తల్లులకు పంచుతాడు. నర్సు రాజమణి ఎవరికి రెండు, ఎవరికి ఒకటని తగువులు తీరుస్తుంది. హైదరాబాదులో ఎనిమిదేళ్ళలో నాకు ఇంత సంతోషం దొరకలేదు. రవితేజ తెలివి రవితేజది. నువ్వు చేరు.

మీ అత్తమ్మ
స్వాతి

జనగామ
ఆగస్టు 25

అత్తమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఓదెమ్మ గురించి చదివినప్పుడు ఏడుపొచ్చింది, రాజమణి గుడ్ల పంచాయితీ చదివి నవ్వొచ్చింది. చేరుతున్నాను. తేలిపోయింది.

దత్తాత్రేయ అంకుల్ నోరు మూయించాను కూడా. ఎట్లా అని అడగకు. "ఫీజు లేకుంటె డాక్టరుకు ఇజ్జతేముంటది" అని ఆయన అంటుంటే, షాపులో పది మంది ముందు గట్టిగా జవాబిచ్చి వచ్చాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నా పద్దెనిమిదేళ్ళలో నేను గెలిచిన మొదటి వాదన అదే అనుకుంటా. అమ్మ కూడా మెచ్చుకుంది, ఏ వాదనో తెలియకుండానే.

భూపాలపల్లి హాస్టల్‌కు పరుపు తీసుకుపోవాలా, అక్కడే ఇస్తారా?

సుష్మిత

గూడూరు
సెప్టెంబర్ 8

సుష్మితకు,

నేను ముందు రాసింది మర్చిపో. చేరకు.

నీ సంతోషమంతా చదివిన వారానికే నాకు మెమో వచ్చింది. సెల్‌ఫోన్లలో తిరిగే ఏదో వార్తల ఛానల్‌లో నా గురించి చెప్పారు. 'గుడ్లు తెస్తేనే గోలీలు, సర్కారు డాక్టరమ్మ దందా' అని పేరు పెట్టారు. ఓదెమ్మ పేరుతో సహా, నా దోసిట్లో గుడ్లు పెట్టిన సంగతితో సహా అన్నీ ఉన్నాయి. ప్రాక్టీసు చేయనని సంతకం పెట్టి ఇంటి దగ్గర రోగుల నుంచి వస్తువులు తీసుకుంటున్నందుకు ఉద్యోగంలో ఎందుకు ఉంచాలో వారంలో చెప్పమని రాశారు. విచారణకు ఒక అధికారిని వేశారు.

హైదరాబాదులో ఉన్నప్పుడు నెలకు ఇన్ని స్కానింగులు రాయాలని చెప్పేవాళ్ళు. అది తప్పని వదిలేసి వచ్చాను. అక్కడ నన్నెవరూ దొంగ అనలేదు. ఇక్కడ నాలుగు గుడ్లకు అన్నారు. నీ ర్యాంకుకు వేరే చదువులు చాలా దొరుకుతాయి. ఏదో ఒకటి చదువుకుని ప్రశాంతంగా ఉండు.

ఇది బయటకు చెప్పింది బాల్‌సింగే అని నా అనుమానం. ఓదెమ్మ నా దోసిట్లో గుడ్లు పెట్టిన రోజు అక్కడ ఉన్నది అతనొక్కడే. అడిగితే "నేను చెప్పలే మేడం" అని తల దించుకున్నాడు. అతన్ని నా గది డ్యూటీ నుంచి తీసేసి గేటు దగ్గర వేయించాను. నాలుగు రోజులుగా అతనితో మాట్లాడటం లేదు.

స్వాతి

జనగామ
సెప్టెంబర్ 11

అత్తమ్మా,

ఏం రాయాలో తెలియడం లేదు. ఉద్యోగం పోతుందా? నిజంగా పోతుందా? విచారణ అధికారి మంచివాడేనా? ఆ ఛానల్ వాళ్ళు తప్పయిందని చెబితే మెమో వెనక్కి తీసుకుంటారా? ఎవరైనా వచ్చి అసలు సంగతి ఇది అని చెబితే వింటారా?

బాల్‌సింగ్‌ను ఏమీ అనకు. ఆయన చెప్పలేదన్నాడు కదా, చెప్పి ఉండడు. ఎందుకో నాకట్లా అనిపిస్తోంది. ఊరికే.

ఇక్కడ నాన్నకు కూడా ఆ వీడియో ఎవరో చూపించారు. మొదట "నా చెల్లెను దొంగ అంటరా" అని లేచాడు, ఎవరికో ఫోన్ కలిపాడు, స్పీకర్ పెట్టాడు. అవతలి మనిషి "అన్నా, డాక్టర్లు రోగుల దగ్గర ఏం తీస్కోవద్దని ధర్నా చేసింది నువ్వే గదనే" అనేసరికి ఫోన్ పెట్టేసి చాలాసేపు పెరట్లో తిరిగాడు. వచ్చి "గుడ్లు దీస్కునుడేంది దానికి, మతి లేదా" అన్నాడు. అన్నం తినేటప్పుడేమో, "నౌకరి ఇడిసిపెట్టి జనగామకు రమ్మను, బిల్డింగు దాని కోసం గూడ ఉన్నది" అన్నాడు. గంటలో మూడు మాటలు. ఏది ఆయన మాటో అమ్మకు కూడా తెలియలేదు.

విచిత్రమేమంటే, నువ్వు చేరమన్నప్పుడు ఎక్కడో భయం ఉండేది. వద్దన్నాక చేరాలనిపిస్తోంది. కానీ చేరే అర్హత నాకుందా అని అంతలోనే అనిపిస్తోంది. ఎందుకని అడగకు.

సుష్మిత

గూడూరు
సెప్టెంబర్ 22

సుష్మీ,

విచారణ అయిపోయింది. నీకు పూసగుచ్చినట్టు రాయాలి, లేకపోతే నాకే నమ్మబుద్ధి కాదు.

అధికారి నెమ్మదస్తుడు. దవాఖాన వరండాలో కుర్చీ వేసుకుని ఓదెమ్మను పిలిపించాడు. నేను పక్కన నిలబడ్డాను. రాజమణి ఆయన వెనక నిలబడి, లేదని చెప్పమని ఓదెమ్మకు తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "అమ్మా, డాక్టరుకు ఏమన్న ఇచ్చినవా?" అని ఆయన అడిగాడు. ఓదెమ్మ రాజమణిని చూసింది, నన్ను చూసింది, కొంగు బిగించుకుంది.

"ఇయ్యకేంది? వారానికి నాలుగు గుడ్లిచ్చిన. ఉత్తగ మందు మింగెటందుకు నేనేమన్న అడుక్కతినేదాన్నా?"

"ఆమె అడిగితె ఇచ్చినవా?"

"వద్దంటది. వద్దంటె ఊకుంటనా? నా పానానికి నేను ఇచ్చుకున్న. రాస్కో సారూ, ఓదెమ్మ ఇచ్చిందని మంచిగ రాస్కో."

ఆయన రాసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "తీసుకున్నారా మేడం?" అన్నాడు. తీసుకున్నానన్నాను. మరేం చెప్పను? ఓదెమ్మ నన్ను కాపాడాలని గానీ, ముంచాలని గానీ అనుకోలేదు. తన మర్యాద తాను నిలబెట్టుకుంది. అంతా అయ్యాక "మంచిగ చెప్పిన గద?" అని నన్నే అడిగింది.

ఉద్యోగం పోలేదు. గట్టి హెచ్చరిక ఇచ్చి వదిలారు. 'ఇక్కడ రోగుల నుంచి ఏ వస్తువూ తీసుకోబడదు' అని క్వార్టర్ గేటుకు బోర్డు పెట్టమన్నారు, పెట్టాను. వెళ్తూ వెళ్తూ ఆ అధికారి అన్నాడు, "మేడం, ఇయ్యాల గుడ్డును ఒప్పుకుంటె రేపు ఇంకో డాక్టరు కోడి అడుగుతడు, ఎల్లుండి మేక. నేనెక్కడ గీత గియ్యాలె?" బాపు పోయిన రోజు నేను కోరుకున్నది సరిగ్గా ఆ గీతనే కదా.

తెలివైన వాళ్ళు ఇక డాక్టర్లు కారేమోనని నువ్వు మొదట్లో భయపడ్డావు. నేను తెలివైనదాన్నే అనుకునేదాన్ని. గుడ్డు ఫీజా కాదా అన్నది ఇంతవరకు తేల్చలేకపోయాను. చేరవద్దని రాసిన మాట మీద కూడా ఇప్పుడు నాకు గట్టి నమ్మకం లేదు.

బాల్‌సింగ్ గేటు దగ్గరే ఉన్నాడు. రోజూ నమస్తే పెడతాడు. నేను తల ఊపి లోపలికి పోతాను.

అత్తమ్మ

జనగామ
సెప్టెంబర్ 25

అత్తమ్మా,

నేనే.

బాల్‌సింగ్ కాదు. నేనే చెప్పాను. అంకుల్ నోరు ఎట్లా మూయించానో అడగకు అన్నాను కదా, నీ ఉత్తరం షాపులో బయటకు చదివాను. ఓదెమ్మ పేరుతో, దోసిట్లో గుడ్లతో, రాజమణి పంచాయితీతో, ఒక్క ముక్క వదలకుండా. అందరూ నవ్వుతుంటే ఇంకా గొంతు పెంచి చదివాను. అక్కడ ఒకతను దగ్గు మందు కోసం కూర్చుని ఉన్నాడు. అతను ఛానల్ నడుపుతాడని నాకు తెలియదు. "మల్లొక్కసారి జదువు చెల్లె" అంటే మళ్ళీ చదివాను.

నీ సెప్టెంబర్ 8 ఉత్తరం అందిన నిమిషంలోనే నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా తర్వాతి ఉత్తరంలో ఊరికే అనిపిస్తోంది అని రాశాను. నువ్వు తిడతావని భయం. బాల్‌సింగ్ గేటు దగ్గర నిలబడి నమస్తే పెడుతున్నాడని చదివాక నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు. ఇంటి ముందు బతుకమ్మ ఆడుతుంటే అమ్మ రమ్మంది, కడుపు నొప్పని చెప్పి పడుకున్నాను.

అంకుల్ చెప్పిన ఏ నియమానికీ నేనిప్పుడు భయపడటం లేదు. అడవికి పంపితే పోతాను. ప్రాక్టీసు వద్దంటే మానేస్తాను. కానీ నలుగురిలో గెలవడం కోసం ఒక ముసలమ్మ సంగతి పేరుతో సహా బజారున పెట్టినదాన్ని, రేపు రోగులు తమ గుట్టు చెప్పుకుంటే దాచగలనా? అది రాని మనిషి డాక్టరు ఎట్లవుతుంది? అందుకే చేరను. ఇది నా శిక్ష. సీటు వచ్చినట్టు కాగితం వచ్చింది, అక్టోబర్ 18 లోపు చేరాలట. దాన్ని పుస్తకంలో పెట్టి మూశాను.

నాన్నకు ఇంకా చెప్పలేదు. నువ్వు నన్ను ఎంత తిట్టినా ఫరవాలేదు, జవాబు మాత్రం రాయి.

సుష్మిత

గూడూరు
అక్టోబర్ 13

సుష్మితా,

నాలుగైదు వ్యాన్లు ఖాళీగా పంపాను. కోపం. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. నీ వయసులో నేనూ ఇలాంటి తప్పు చేసేదాన్నేమో, అయినా కోపమే. రాసినప్పుడు నీ ఒక్కదానికే రాశాను కదా.

నీ ఉత్తరం చదివిన రోజే బాల్‌సింగ్ దగ్గరికి పోయి తప్పయిందన్నాను. "నన్ను అడిగినవ్, చెప్పలేదన్న. నువ్వు నమ్మలె. గంతె మేడం" అన్నాడు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది. మళ్ళీ నా గది డ్యూటీకి వచ్చాడు. నాకు మాత్రం అతని ముఖం చూడటం ఇంకా కష్టంగానే ఉంది.

ఇంకో సంగతి. గేటుకు బోర్డు పెట్టాక ఓదెమ్మ గుడ్లతో వచ్చింది. తీసుకోకూడదని గోలీలు మాత్రం ఇచ్చి పంపాను. రెండు వారాలకు ఆటోలో వచ్చింది, కుడి చెయ్యి పడిపోయి, మూతి ఒక పక్కకు లాగేసి. మహబూబాబాద్ పెద్ద దవాఖానకు పంపాం. గండం గడిచి నాలుగు రోజులకు మా వార్డుకు తిరిగొచ్చింది. ఆమె కూతురు అండాలు గుడిసె చూరులోంచి ఒక మూట తెచ్చి చూపించింది. నేనిచ్చిన గోలీలు. ఒక్కటి కూడా విప్పలేదు.

వార్డులో కూడా మింగలేదు. రాజమణి బతిమాలింది, బెదిరించింది. ఓదెమ్మ పళ్ళు బిగించి గోడ వైపు తిరిగింది. నీళ్ళు తాగుతుంది, జావ తాగుతుంది, గోలీ దగ్గరికి వచ్చేసరికి నోరు తెరవదు. రెండు పూటలు అట్లాగే గడిచాయి. ఇంకో పూట గడిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మంచం దగ్గర నిలబడి ఆలోచించాను. బోర్డు గుర్తొచ్చింది, మెమో గుర్తొచ్చింది, బాపు గుర్తొచ్చాడు. చివరికి వార్డంతా వినేటట్టు అడిగాను.

"ఓదెమ్మా, నా ఫీజేది?"

ఆమె గోడ మీది నుంచి చూపు తిప్పింది. "నా గుడ్డేదని అడుగుతున్న. ఉత్తగ జూసేదాన్నా నేను?" అన్నాను. పనిచేసే ఎడమ చెయ్యి లేపి అండాలుకు సైగ చేసింది. అండాలు పరుగున పోయి ఒక గుడ్డు తెచ్చింది. ఓదెమ్మ దాన్ని ఎడమ చేత్తోనే నా చేతిలో పెట్టింది. తర్వాత నోరు తెరిచింది. రాజమణి గోలీ వేస్తూ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు కాగితం రాశాను. 'రోగి ఓదెమ్మ దగ్గర ఒక గుడ్డు అడిగి తీసుకున్నాను. ఆమె మందు మింగడానికి వేరే దారి దొరకలేదు' అని. పిలుపు వస్తుంది. ఈసారి ఏం చేస్తారో తెలియదు.

చేరాలో వద్దో నేనిక చెప్పను. రెండుసార్లు చెప్పి రెండుసార్లూ మాట మార్చాను. ఒక్కటి మాత్రం చెప్తాను. ఇంట్లో కూర్చుని సీటు వదులుకోవడం చాలా సులువైన శిక్ష. ముందు ఇక్కడికి వచ్చి బాల్‌సింగ్‌కు, ఓదెమ్మకు ఎదురుగా నిలబడు. ఆ తర్వాత నీ ఇష్టం.

అత్తమ్మ

భూపాలపల్లి
అక్టోబర్ 18

అత్తమ్మా,

ఇక్కడికి అంకుల్ వ్యాను రాదు, అందుకే ఇది పోస్టులో వేస్తున్నాను.

మొన్న నేను గూడూరు వచ్చేసరికి నువ్వు జిల్లా ఆఫీసుకు పోయావు. నీ కాగితం గురించే పిలిచారట. ఏం చెప్పారో ఇంకా తెలియదు. బాల్‌సింగ్ నీ గది ముందు కనిపించాడు. దారి పొడవునా నేర్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, "నేనే చెప్పిన, మీరు మాట పడ్డరు" అని ఏడ్చేశాను. ఆయన బెంచీ తుడిచి కూర్చోమన్నాడు. చేరడం మానుకుంటున్నానని చెబితే, "నువ్వు సదువు ఇడిస్తె నాకేమొస్తది బిడ్డా? డాక్టరువై రా, వచ్చినంక నన్ను మేడం లెక్క గేటుకు ఏస్తవా ఎయ్యవా చూస్త" అన్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వుతో క్షమించాడో లేదో నాకు తెలియలేదు.

ఓదెమ్మ మంచం దగ్గరికి ఆయనే తీసుకుపోయాడు. నేను ఫలానా అని, ఆమె సంగతి షాపులో చదివింది నేనేనని చెప్పాను. మాట ముద్దగా వస్తోంది, అండాలు విప్పి చెప్పాల్సి వచ్చింది. "నా ముచ్చట నలుగురికి చెప్పినవా, మంచిగనె చెప్పినవా?" అని అడిగిందట. నేను తప్పయిందంటే ఆమెకు ఎక్కడం లేదు. ఆమె దృష్టిలో తను ఇచ్చింది నిజం, నేను చెప్పింది నిజం. అందులో తప్పేముందో ఆమెకు అర్థం కాలేదు, ఎట్లా విప్పి చెప్పాలో నాకు అర్థం కాలేదు. తర్వాత "నువ్వు గూడ డాక్టరువా?" అంది. ఇంకా కాలేదు, చేరాలో వద్దో చూస్తున్నానన్నాను.

దిండు పక్కన తడిమి ఒక గుడ్డు తీసింది. నీకోసం పెట్టుకున్నదట. నా చేతిలో పెట్టి ఎడమ చేత్తోనే నా వేళ్ళు మూసింది. ఆమె ఏదో అంటే అండాలు చెప్పింది. "అవ్వ బయాన ఇస్తున్నదక్కా. నువ్వు డాక్టరువైనంక మందు నీ దగ్గరనే దీస్కుంటదట. బయాన వట్టినవు, ఇగ మాట దప్పొద్దు అంటుంది."

వెనక్కి ఇవ్వబోయాను. బాల్‌సింగ్ తల అడ్డంగా ఊపాడు. తీసుకుని రుమాలులో కట్టుకున్నాను.

ఇవాళ నాన్న కారులో తీసుకొచ్చాడు. దారిలో అన్నీ చెప్పాను, షాపులో చదివిన దగ్గర్నుంచి గుడ్డు దాకా. మధ్యలో ఫోన్ మోగితే ఎత్తలేదు, స్పీకర్ కూడా పెట్టలేదు. రేగొండ దాటాక అన్నాడు, "ఒక్క బిడ్డ మీద రెండు బయానలు వట్టినం. దత్తాత్రేయది ఒకటి, ఆ ముసలమ్మది ఒకటి. ఏది నిలవెట్టాలె?" ఇంకాస్త దూరం పోయాక ఆయనే మళ్ళీ, "ఆ దినం బాపును లైన్ల ఉండుమన్నరు" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. బోర్డు తీసేస్తాడో ఉంచుతాడో అడగలేదు, ఆయనకే తెలిసి ఉండదు.

కాలేజీలో సర్టిఫికెట్లు ఇచ్చాను, ఎన్నో కాగితాల మీద సంతకాలు పెట్టాను. అన్నీ చదివే పెట్టాను. ఎందుకు చేరుతున్నావని అడిగే గడి ఏ కాగితంలోనూ లేదు. ఉంటే ఏం రాసేదాన్నో నాకు తెలియదు. నా ముందు నిలబడ్డ అమ్మాయి రవితేజ కన్నా తెలివైనదిలాగే ఉంది. ఆమె ఎందుకు వచ్చిందో కూడా అడగలేదు. రేపు అడుగుతాను.

సంతకాలు పెట్టినంతసేపూ గుడ్డు సంచిలోనే ఉంది. ఇప్పుడు హాస్టల్ కిటికీలో గ్లాసులో నిలబెట్టాను. ఇది తింటే ఫీజు తీసుకున్నట్టు, నేనింకా డాక్టరును కాను. తినకుంటే పాడవుతుంది, ఓదెమ్మ బయానా వృథా చేసినట్టు. వెనక్కి పంపితే మాట తప్పినట్టు. ఏం చేయాలి అత్తమ్మా? ఒక్క మాటలో చెప్పు.

నీ కోడలు
సుష్మిత